గెటిస్‌బర్గ్ గుట్ట మీది బడి

గుంటూరు లూథరన్ సంఘాల్లో ఫాదర్ హయ్యర్ పేరు వినని ఇల్లుండదు. 1842లో అమెరికా నుంచి వచ్చి ఇక్కడ మిషన్ మొదలుపెట్టిన ఆయన మాత్రం అమెరికాలో ఏ సెమినరీలోనూ చదవలేదు. ఫిలడెల్ఫియాలో పాస్టర్ల దగ్గర దైవశాస్త్రం నేర్చుకుని, ఆపైన జర్మనీలోని గోటింగెన్ వెళ్లాడు. ఆ కాలంలో అమెరికా లూథరన్ కుర్రాళ్లలో చాలామందికి అదే దారి. ఒక పెద్ద పాస్టరును ఆశ్రయించి, ఆయన పుస్తకాలు చదివి, ఆయన వెంట సంఘాలు తిరిగి పని నేర్చుకునేవారు.

అది చాలదనుకున్నవాడు శామ్యూల్ సైమన్ ష్ముకర్. 1826లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో సెమినరీ తెరిచాడు. 1832 నాటికి ఊరి పక్క గుట్ట మీద ఇటుకల భవనం లేచింది. చదువూ పడకా అందులోనే. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై 1న ఉత్తరాది సేనాని జాన్ బ్యూఫర్డ్ ఆ భవనం మీది చిన్న గోపురం ఎక్కి, పడమటి నుంచి వస్తున్న దక్షిణాది దండును చూశాడు. సాయంత్రానికి గుట్ట చేతులు మారింది. సెమినరీ ఆసుపత్రి అయింది. దైవశాస్త్రం చదివిన గదుల్లోనే రెండు పక్షాల క్షతగాత్రులూ సెప్టెంబరు దాకా మూలిగారు.

యుద్ధం ముగియకముందే ఆ సెమినరీకి పోటీ పుట్టింది. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలును అమెరికాకు తగ్గట్టు సవరించాలని ష్ముకర్ వర్గం 1855లో ప్రతిపాదించింది. అందులో ఒక్క మాట కూడా కదపకూడదన్నవాళ్లు 1864లో ఫిలడెల్ఫియాలో వేరే సెమినరీ పెట్టుకున్నారు. ఇక వలస వచ్చిన స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ జనం ఎవరి భాషలో వాళ్లకు పాస్టర్లు కావాలని ఎవరి బడి వాళ్లు కట్టుకున్నారు. ఇన్ని బడులు లేవడానికి విశ్వాసం ఎంత కారణమో, భాషా పంతమూ అంతే కారణమని నాకనిపిస్తుంది. మనవల నాటికి అందరిదీ ఇంగ్లీషే అయింది. 1962లో చికాగోలో నాలుగు వేర్వేరు మూలాల సెమినరీలు ఒక్కటైనప్పుడు దాన్ని ఎవరూ పతనం అనుకోలేదు. సంబరంగానే కలిశాయి.

మిస్సోరీ సినడ్ అనే లూథరన్ శాఖలో మాత్రం గాయం లోతైనది. బైబిలును ఎలా చదవాలన్న వివాదంలో సెయింట్ లూయిస్ కంకార్డియా సెమినరీ అధ్యక్షుడు జాన్ టీట్‌జెన్‌ను 1974 జనవరిలో సస్పెండ్ చేశారు. అధ్యాపకులు 50 మందిలో 45 మంది బోధన ఆపేశారు. ఫిబ్రవరి 19న విద్యార్థుల్లో అత్యధికులు, తమ పేర్లు రాసిన తెల్ల సిలువలను ఆవరణలో పాతి, వరుసకట్టి బయటికి నడిచారు. ‘సెమినెక్స్’ పేరుతో వాళ్లు నడుపుకున్న బడి చివరికి చికాగో సెమినరీలో కలిసిపోయింది.

1988లో ఏర్పడిన అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ సంఘానికి (ఈఎల్‌సీఏ) 8 సెమినరీలు, 50 లక్షలకు పైగా సభ్యులు. ఇప్పుడా సభ్యత్వం 30 లక్షల లోపే. ఆదివారం కానుకలు తగ్గితే సెమినరీకి వెళ్లే వాటా తగ్గుతుంది, ఫీజు పెరుగుతుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు చదివి, అప్పుతో బయటికొచ్చిన పాస్టరుకు పూర్తి జీతం ఇవ్వలేని చిన్న సంఘాలే ఎక్కువ. నడివయసులో, ఉద్యోగం వదలకుండా చదివేవాళ్లకు హాస్టల్ కన్నా ఆన్‌లైన్ పాఠం నయం. పాత భవనాల మరమ్మతు ఖర్చు మాత్రం ఆగదు. దక్షిణ కరొలైనా సెమినరీ 2012లో, బర్కిలీది 2014లో, కొలంబస్‌ది 2018లో తలో విశ్వవిద్యాలయం నీడకు చేరాయి. ఒప్పుకోలు దగ్గర విడిపోయిన గెటిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా 2017లో ఒక్కటయ్యాయి. చికాగో సెమినరీ సొంత భవనం అమ్మి, 2023లో ఒక కేథలిక్ విద్యాలయంలోకి మారింది.

మన దగ్గర 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో వేర్వేరు సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కాలేజీ పెట్టుకున్నది బతుకుతెరువు కోసం కాదు, కలిసి చదవాలన్న ఆశతో. అమెరికాలో ఇప్పుడు జరుగుతున్న విలీనాలను ఆ లెక్కలో వేయలేను.

భవనం పోవడం కన్నా నన్ను బాధపెట్టేది కలిసి బతకడం పోవడం. గెటిస్‌బర్గ్ పాత భవనం 2013 నుంచి మ్యూజియం. సందర్శకులు టికెట్ కొని బ్యూఫర్డ్ ఎక్కిన గోపురం ఎక్కుతారు. ఆ కలిసి బతకడం ఎలా ఉండేదో హయ్యర్‌ను చూస్తే తెలుస్తుంది. ఆయన మూడుసార్లు తెలుగునాట పనిచేసి, 80కి దగ్గరపడ్డాక ఫిలడెల్ఫియా సెమినరీకి చేరాడు. అక్కడ ఆయన చాప్లిన్, విద్యార్థుల ఇంటికి పెద్ద. 1873లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ రోజుల్లో గుంటూరు సంగతులు అడగాలనుకున్న కుర్రాడు ఆయన గది దాకా నడిస్తే సరిపోయేది.