మకుటం ఒక్కటే చాలదు

వేమన పేరిట లోకంలో చెలామణీ అవుతున్న పద్యాలలో వేమన చెప్పినవి ఎన్ని? ఈ ప్రశ్నకు నిక్కచ్చిగా సమాధానం చెప్పగలవారు లేరు. ఆటవెలది నడక పట్టుబడి, చివరి పాదంలో మకుటం తగిలించగలిగిన ప్రతివాడూ ఒక పద్యం చెప్పి ఆ మహానుభావుని ఖాతాలో వేయవచ్చు; వేశారు కూడా. సి.పి. బ్రౌను 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించేముందు, ఊరూరా వ్రాతప్రతులు సేకరించి, పండితులను కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి చూడవలసి వచ్చింది. మకుటం ఉన్నంత మాత్రాన పద్యం వేమనది కాదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు నేను వ్రాయబోయేది వేమన గురించి కాదు. గోప్యతను కాపాడే విహరిణిని, అంటే బ్రౌజరును, అంతర్జాలం నుండి దించుకునేటప్పుడు అది అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలాగన్న సంగతి గురించి. అయితే ఆ విద్య చరిత్రను చదువుతున్నకొద్దీ, ఇది మన తాటాకు ప్రతుల కాలం నాటి సమస్యేననిపించింది. పోలిక సాగినంత దూరం సాగదీసి చూద్దామని ఈ టపా.

మా లింగాల ఘనపురం ఉన్న జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. పోతన గారి ఊరు. భాగవతంలో ఐదవ స్కంధం బొప్పరాజు గంగన, ఆరవది ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు వెలిగందల నారయ రచించారని మనం నమ్మకంగా చెప్పుకుంటున్నామంటే, దానికి ముఖ్యాధారం స్కంధాంతంలో వచ్చే గద్య. కవి తన పేరు అందులో చెప్పుకుంటాడు. అంటే గద్య ఒక సంతకం. వేమన మకుటం కూడా సంతకమే. కానీ ఈ రెండింటికీ ఒక లోపముంది. అవి రచనకు అతికించినవే గాని రచనలోంచి పుట్టినవి కావు. ఒకచోటి నుండి ఎత్తి మరొకచోట పెడితే కాదనే శక్తి వాటికి లేదు. మధ్యలో ఎవరో పది పద్యాలు చొప్పించినా చివరి గద్య చెక్కుచెదరదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సైవర్సన్ అనే ముగ్గురు ఒక పద్ధతిని కనిపెట్టారు. సందేశాన్ని ఉల్లిపాయలాగా పొరల మీద పొరలుగా గుప్తీకరించి, కొన్ని మజిలీల మీదుగా పంపుతారు. ఒక్కో మజిలీ ఒక్కో పొర మాత్రమే విప్పగలదు. మొదటి మజిలీకి పంపినవారెవరో తెలుస్తుంది గాని ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుస్తుంది గాని ఎవరు పంపారో తెలియదు. ఈ ఆలోచన మీద రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్, సైవర్సన్ కలిసి నిర్మించిన టార్ 2002లో బయటకు వచ్చింది. 2006లో దాని నిర్వహణకు లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. సామాన్యుడు కూడా వాడుకోగలిగేలా టార్ బ్రౌజరు తయారీ 2008లో మొదలైంది. మన మంటనక్కనే మార్చి, టార్ దారిని అందులో ఇమిడ్చి ఇస్తారు.

"దాచుకోవలసిన పని మనకేమిటి?" అని అడిగేవారుంటారు. జబ్బు గురించి వెతుక్కునే మనిషికి ఆ సంగతి ప్రకటనల కంపెనీలకు తెలియనవసరం లేదు. అత్తింటి బాధలు పడలేక చట్టమేమంటుందో చూసుకునే ఆడపిల్లకు ఆ వెతుకులాట మరొకరి కంటపడితే ప్రమాదం. మన సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కాబట్టి ఈ చర్చ ఇంతటితో ఆపి ముందుకు పోతాను.

చిక్కు ఎక్కడుందంటే, గోప్యత కోసం వెతికేవారినే వల వేసి పట్టడం మోసగాళ్ళకు సులభం. 2019లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన ఉదంతం చూడండి. టార్ ప్రాజెక్టు చిరునామాలో ఒకే ఒక్క అక్షరం, ప్రాజెక్టులోని 'జె', ఎగరగొట్టి మోసగాళ్ళు ఒక నకిలీ గూడు కట్టారు. మీ బ్రౌజరు పాతబడిందని రష్యను భాషలో బెదిరించి నకిలీ ప్రతి వైపు మళ్ళించారు. దించుకున్నది నిజమైన టార్ లాగే పనిచేసింది. కాకపోతే కొన్ని అంగళ్ళలో బిట్‌కాయిన్ చెల్లించబోతే, చెల్లింపు చిరునామాను గుట్టుచప్పుడు కాకుండా మార్చివేసింది. 2022లో కాస్పర్‌స్కీ వెల్లడించిన మరో ఉదంతంలో, చైనా భాషలో నడిచే ఒక యూట్యూబు ఛానలు కింద ఇచ్చిన లంకె వెంట నకిలీ టార్ పంపిణీ అయింది. చైనాలో అసలు గూడు తెరుచుకోదు గనుక జనం దొరికినచోట దించుకుంటారు. ఆ నకిలీ డబ్బు జోలికి పోలేదు. ఎవరు ఏమేమి చూస్తున్నారో కూడబెట్టి పంపింది. ముసుగు అనుకుని వేసుకున్నదే వేగులవాడయింది. మామూలు నకిలీ సరుకు సొమ్ము పోగొడుతుంది. ఇది మనిషినే పట్టిస్తుంది.

అసలు గూటికే వెళ్ళి దించుకుంటే చాలదా? చాలా వరకు చాలు, ఎల్లప్పుడూ చాలదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అధికారిక గూటిలోకే దొంగలు జొరబడి, దిగుమతి లంకెను తాము దొడ్డిదారి పెట్టిన ప్రతి వైపు తిప్పారు. చిరునామా సరిగ్గా చూసుకుని వెళ్ళినవారు కూడా ఆనాడు మోసపోయారు.

ఇక్కడే ప్రతిని పరీక్షించే విద్య అవసరమవుతుంది. అందులో మొదటి మెట్టు సరిచూపు సంఖ్య. వృత్త పద్యంలో ఒక అక్షరం జారితే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది, ప్రాస తప్పుతుంది; లేఖకుడు పొరబడ్డాడని చదువరికి తెలిసిపోతుంది. ఛందస్సు మన పూర్వులు పద్యంలోనే పెట్టిన కాపలా. కంప్యూటరు ఫైలుకు కూడా అటువంటి లెక్క ఉంది. ఎంత పెద్ద ఫైలునైనా నమిలి ఒక చిన్న సంఖ్యగా తేలుస్తుంది. లోపల ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. 2001లో వెలువడిన షా-256 అనే లెక్క ప్రకారం వచ్చే ఫలితాన్ని 64 అక్షరాంకెలుగా వ్రాస్తారు.

ఛందస్సు కాపలా లేఖకుని పొరపాటును పడుతుంది గాని, ఛందస్సు తెలిసిన ప్రక్షిప్తకర్తను పట్టలేదు. బలహీనమైన లెక్కలకూ అదే గతి పట్టింది. 1991లో వచ్చిన ఎండీ5 లెక్కలో, వేర్వేరు విషయాలకు ఒకే సంఖ్య రప్పించవచ్చునని 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావోయున్ బృందం చూపింది. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచారి కార్యక్రమం సరిగ్గా ఆ లోపాన్నే వాడుకుని, మైక్రోసాఫ్ట్ వారి సంతకం ఉన్నట్లు నటించి విండోస్ నవీకరణ రూపంలో వ్యాపించింది. అందుకే నేడు ఎండీ5 సంఖ్య సరిపోయిందని సంతోషించరాదు. షా-256 వంటి గట్టి లెక్కకు కూడా ఒక పరిమితి ఉంది. ఫైలూ, దాని సంఖ్యా ఒకే పుటలో ఉంటే, ఫైలును మార్చగలిగిన దొంగ సంఖ్యను కూడా మార్చగలడు. తప్పుడు పద్యం పక్కన తప్పుడు పీఠిక వ్రాసుకున్నట్లే.

రెండవ మెట్టు సంతకం. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ఒక చిత్రమైన ఊహ ప్రకటించారు: తాళానికి రెండు చెవులు, ఒకటి రహస్యం, మరొకటి బహిరంగం. మరుసటి ఏడు రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దానికి గణితరూపం ఇచ్చారు. రహస్య తాళంచెవితో చేసిన సంతకాన్ని బహిరంగ తాళంచెవితో ఎవరైనా పరీక్షించవచ్చు, కానీ ఎవరూ సృష్టించలేరు. పైగా ఆ సంతకం ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని పుడుతుంది. ఒక పద్యానికి పుట్టిన మకుటం మరో పద్యానికి అతకదన్నమాట! వేమనకు ఈ సౌకర్యం ఉంటే బ్రౌను దొరకు అంత శ్రమ ఉండేది కాదు.

దీన్ని జనసామాన్యానికి అందించినవాడు ఫిల్ జిమ్మర్‌మన్. 1991లో ఆయన పీజీపీని ఉచితంగా పంచిపెట్టాడు. గుప్తీకరణ సాధనాన్ని దేశం దాటించాడన్న అనుమానంతో అమెరికా ప్రభుత్వం ఆయనపై మూడేళ్ళ పాటు విచారణ జరిపి, 1996 జనవరిలో అభియోగం మోపకుండానే విరమించింది. అదే ప్రమాణంపై వెర్నర్ కోఖ్ తయారుచేసిన స్వేచ్ఛా ఉపకరణం గ్నూపీజీ. టార్ బ్రౌజరు పక్కన ఒక చిన్న సంతకపు ఫైలును కూడా ఉంచుతారు. రెంటినీ దించుకుని, టార్ వారి బహిరంగ తాళంచెవిని తెచ్చుకుని, గ్నూపీజీతో సరిచూసుకోవాలి. 'మంచి సంతకం' అని వస్తే ఫైలు మారలేదన్నమాట. దాని కిందనే 'ఈ తాళంచెవి ఫలానావారిదేనన్న హామీ లేదు' అనే అర్థంలో ఒక హెచ్చరిక కూడా రావచ్చు. అది చూసి చాలామంది కంగారుపడతారు. అది సంతకం చెడిందని కాదు, తాళంచెవిని మీరింకా ధ్రువపరచుకోలేదని. తాళంచెవికి 40 అక్షరాంకెల వేలిముద్ర ఉంటుంది. దానిని ఒకే చోట చూసి ఊరుకోక, వేరొక దారిలో, వీలైతే ఎప్పుడో తెచ్చి దాచుకున్న మిత్రుని వద్ద, పోల్చుకోవాలి. విండోస్ వాడేవారు కనీసం ఫైలు మీద కుడినొక్కు నొక్కి, గుణాలలో డిజిటల్ సంతకాల పుట తెరిచి, టార్ ప్రాజెక్టు పేరుందేమో చూసుకోవచ్చు. 2022 నాటి ఆ నకిలీకి అటువంటి సంతకమే లేదు. చూసుకున్నవారు బయటపడగలిగేవారు.

"చిరునామా పట్టీలో తాళం బొమ్మ ఉంది కదా, అది చాలదా?" అంటే, మన దేశపు ఉదాహరణే చెబుతాను. 2014 జులై 2న గూగుల్ వారు, తమ గూళ్ళ పేరిట అనధికారిక ధ్రువపత్రాలు జారీ అయినట్లు కనుగొన్నారు. జారీ అయింది మన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రానికి చెందిన ధ్రువీకరణ విభాగం నుండి. మరునాడే నియంత్రణాధికారి ఆ విభాగపు పత్రాలను రద్దు చేశారు. విండోస్ ఆ మూలాన్ని నమ్మే జాబితాలో ఉంచుకుంది. మంటనక్క ఉంచుకోలేదు గనుక దానికి ఆ బెడద లేకపోయింది. తాళం బొమ్మ వెనుక ఉన్నది మనుషులే, వారు నడిపే కార్యాలయాలే.

ఇంకొక మెట్టు ఉంది. సంతకం చేసేవాని కంప్యూటరే చెడి ఉంటే? దీనికి టార్ వారు 2013లో ఒక ఉపాయం ఆచరణలో పెట్టారు. మూలరచన నుండి వేర్వేరు వ్యక్తులు వేర్వేరు యంత్రాలపై విడివిడిగా బ్రౌజరును నిర్మిస్తారు. అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా రావాలి. రాకపోతే ఎక్కడో కల్తీ జరిగినట్లు. బ్రౌను పండితులు ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠం తేల్చినట్లే ఇది కూడా!

ఇన్ని చేసినా సంతకం చెప్పేది 'ఎవరు చేశారు' అనే గాని 'మంచిదా' అని కాదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతంలో దొడ్డిదారిని పెట్టినవాడు బయటి దొంగ కాడు. కొన్నేళ్ళు ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించుకున్న నిర్వాహకుడే. సంతకం సక్రమమైనదే, లోపలి సరుకు కల్తీ. ప్రవేశం అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూశాడు గనుక అది దొరికింది.

ఇదంతా పండితుల గోల అనుకోకండి. నేడు మన పల్లెల్లో చరవాణి లేని ఇల్లు అరుదు. చలానా అనో, కిసాన్ సొమ్ము అనో వాట్సాపులో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే పత్తి అమ్మిన డబ్బు ఖాతాలోంచి మాయమవుతుంది. అక్కడా ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరు పంపారు, వారేనని నాకెలా తెలుసు? ఆ ప్రశ్న అడిగే అలవాటు మన సాహిత్యానికి కొత్త కాదు. పాఠాంతరం కనబడితే ప్రతులు తిరగేసే పరిష్కర్తల వారసులం మనం.

ఈ పరీక్షా క్రమాన్ని బొమ్మలతో సహా, మెట్టుమెట్టుగా, మన తెలుగులో ఎవరైనా వ్రాసి పెడితే ఎందరికో ఉపకారమవుతుంది. సాంకేతిక నిపుణులైన బ్లాగ్మిత్రులు పూనుకోవాలని మనవి. నా వివరణలో సవరించదగినవి కనబడితే వ్యాఖ్యలలో తెలుపగలరు.