క్రామ్‌ఫర్డ్

క్రామ్‌ఫర్డ్ ఇంగ్లండు మధ్యభాగంలోని డెర్బీషైర్ కౌంటీలో, డెర్వెంట్ లోయలో ఉన్న చిన్న గ్రామం. 2011 జనగణన ప్రకారం జనాభా 1,433. నీటి శక్తితో నూలు వడికే మిల్లు లాభసాటిగా నడిచిన మొదటి చోటుగా పారిశ్రామిక చరిత్రలో ఈ ఊరికి పేరు. రిచర్డ్ ఆర్క్‌రైట్ (1732–1792) 1771లో ఇక్కడ మొదలుపెట్టిన మిల్లే అందుకు కారణం. ‘ప్రపంచంలో తొలి ఫ్యాక్టరీ’ అని పర్యాటక పత్రాల్లో తరచు కనిపించే బిరుదును మాత్రం ఉన్నది ఉన్నట్టు తీసుకోవడం కష్టం. లోంబ్ సోదరుల పట్టు మిల్లు 1721 నాటికే డెర్బీలో డెర్వెంట్ నీటితో తిరుగుతోంది. నార్తాంప్టన్‌లో 1740లలోనే లూయీ పాల్ యంత్రాలతో పత్తిని కూడా నీటి చక్రం మీద వడికారు. ఆ నార్తాంప్టన్ ప్రయత్నం నిలదొక్కుకోలేదు, క్రామ్‌ఫర్డ్ నిలదొక్కుకుంది. బిరుదుకు ఆధారం అంతవరకే.

ఉనికి

డెర్బీ నగరానికి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, మ్యాట్లాక్ బాత్ దగ్గరి సున్నపురాయి ఇరుకులోంచి డెర్వెంట్ నది బయటపడే చోట ఊరు ఉంది. సీసపు ఈనెలున్న సున్నపురాయి, మిల్లు గోడలకూ ఇళ్ళకూ పనికొచ్చిన గట్టి ఇసుకరాయి ఇక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఊరి పైనున్న బ్లాక్ రాక్స్ గుట్ట రెండో రకానిది. దక్షిణంగా నిటారైన కొండదారి ఎక్కితే మూడు కిలోమీటర్లలో వర్క్స్‌వర్త్ పట్టణం వస్తుంది. పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనం దగ్గరే ఉన్నా, ఊరు దాని హద్దుకు బయటే ఉంది.

గ్రామ కేంద్రం నది ఒడ్డున లేదు. పడమటి నుంచి దిగే బాన్సాల్ వాగు పక్కన ఉంది. ఆ వాగు లోయ వెంట పోయే రోడ్డును వయా గెలియా అంటారు. హాప్టన్‌కు చెందిన గెల్ కుటుంబం పేరు అది. ‘వియెల్లా’ అనే ఉన్ని–నూలు మిశ్రమ వస్త్రం పేరు కూడా ఈ రోడ్డు నుంచే పుట్టింది. ఉత్తరాన స్కార్తిన్ నిక్ వద్ద అడ్డంగా ఉన్న రాతిని కోసి దారి చేశారు. ఇప్పటి ఏ6 రహదారి ఆ సందులోంచే పోతుంది. నది మీది వంతెన 15వ శతాబ్దపుదని సాధారణంగా చెబుతారు. ఒక వైపు నుంచి చూస్తే కమానులు మొనదేలి ఉంటాయి, రెండో వైపు నుంచి చూస్తే గుండ్రంగా ఉంటాయి. తర్వాతి కాలంలో వెడల్పు చేసినప్పటి గుర్తు అది. వంతెన పిట్టగోడ మీద 1697 జూన్ తేదీతో ఒక గుర్రం దూకుడును నమోదు చేసిన చెక్కడం ఉంది.

పాలన

మధ్యయుగం నుంచీ క్రామ్‌ఫర్డ్‌ది వర్క్స్‌వర్త్ నీడే. సొంత చర్చి సయితం 18వ శతాబ్దం చివర గాని రాలేదు. సీసపు గనుల విషయంలో వర్క్స్‌వర్త్ ప్రాంతానికి సాధారణ చట్టానికి వెలుపల సొంత ఆచారాలుండేవి. వాటిని బార్‌మోట్ కోర్టు నడిపేది. ఖనిజం కనుగొన్న ఎవరైనా, భూమి ఎవరిదైనా సరే, చర్చి ఆవరణ, తోట, రాజమార్గం వంటివి మినహా ఎక్కడైనా తవ్వుకోవచ్చు. తీసిన ఖనిజాన్ని తొట్టితో కొలిచి పదమూడో తొట్టి రాజుకు ఇవ్వాలి. గనిని తవ్వకుండా వదిలేస్తే కోర్టు అధికారి అయిన బార్‌మాస్టర్ వచ్చి అక్కడి కొయ్య సామగ్రి మీద గాటు పెట్టేవాడు. అలా మూడు గాట్లు పడితే హక్కు పోయి మరొకరికి దక్కేది. ఈ ఆచారాలను 1852లో పార్లమెంటు చట్టంగా క్రోడీకరించింది. 1513 నాటి కంచు కొలతొట్టి నేటికీ వర్క్స్‌వర్త్ మూట్ హాల్‌లో ఉంది. కోర్టు ఇప్పటికీ సమావేశమవుతుంది గానీ తీర్చాల్సిన తగవులు దాదాపు లేవు.

ఆర్క్‌రైట్ 1789లో ఇక్కడి జమీందారీ హక్కును కొన్న తర్వాత ఊళ్ళో అసలు అధికారం ఆ కుటుంబం చేతికి వచ్చింది. ఇళ్ళు, సంత, సత్రం, చర్చి, 1832లో కట్టిన బడి అన్నీ వాళ్ళ ఎస్టేటువే. 1920లలో ఎస్టేటు అమ్ముడుపోయేదాకా ఈ పరిస్థితి చాలావరకు సాగింది. ఎన్నికైన స్థానిక సంస్థల చరిత్ర దాంతో పోలిస్తే పలచన. స్కార్తిన్ నిక్ పేరు మ్యాట్లాక్ బాత్ పేరుతో కలిసి 1924 దాకా ఒక పట్టణ జిల్లాకు ఉండేది. నేడు గ్రామానికి పారిష్ కౌన్సిల్ ఉంది. దానిపైన డెర్బీషైర్ డేల్స్ జిల్లా కౌన్సిల్ (1974లో వెస్ట్ డెర్బీషైర్ పేరుతో ఏర్పడింది, 1987లో పేరు మారింది), ఆపైన కౌంటీ కౌన్సిల్.

సఫ్ నీళ్ళు

ఆర్క్‌రైట్ ఈ మారుమూలకు ఎందుకు వచ్చాడన్న ప్రశ్నకు ఆయన జీవితచరిత్రకారులు రకరకాల జవాబులు చెబుతారు. లాంకషైర్ అల్లరిమూకలకు దూరంగా ఉండటానికని కొందరు, గని కూలీల భార్యాపిల్లలు చవకగా దొరుకుతారని కొందరు. ఈ రెండూ నిజమే కావచ్చు. అయితే ఆధారాలన్నీ చూస్తే ముందు లెక్కలోకి వచ్చేది నీరు. అది నది నీరు కాదన్నది గమనించాలి. మొదటి మిల్లు డెర్వెంట్‌ను తాకనే లేదు.

సీసపు ఈనెలను లోతుగా తవ్వేకొద్దీ గనుల్లోకి నీరు ఊరుతుంది. దాన్ని తోడే బదులు, కొండ పాదం నుంచి గని అడుగుకు ఏటవాలుగా సొరంగం తవ్వి నీళ్ళు వాటంతటవే జారిపోయేలా చేసేవారు. ఇక్కడి గనివాళ్ళు దాన్ని ‘సఫ్’ అంటారు. డచ్ ఇంజనీరు కార్నీలియస్ వెర్మూయిడెన్ దగ్గర్లోని డవ్‌గ్యాంగ్ గనులకు తవ్వించిన సఫ్ 1651 నాటికి పూర్తయిందంటారు. క్రామ్‌ఫర్డ్ సఫ్ దాని తర్వాతిది. 17వ శతాబ్దం రెండో సగంలో మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు గానీ ఏ ఏడాది అన్నదానిపై లెక్కలు కలవవు. దాని నీళ్ళు ఊళ్ళోనే బయటపడేవి. భూగర్భం నుంచి వచ్చే నీళ్ళు కాబట్టి చలికాలంలోనూ నులివెచ్చగా ఉండి గడ్డకట్టవు, వేసవిలో తగ్గవు. ఏడాది పొడుగునా రాత్రింబవళ్ళు చక్రం తిప్పదలచినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

1771 ఆగస్టులో ఆర్క్‌రైట్, ఆయన భాగస్వాములు సఫ్ నీటికీ బాన్సాల్ వాగు నీటికీ కలిపి కౌలు రాయించుకున్నారు. సఫ్ నీరు రోడ్డును దాటి మిల్లులోకి వచ్చేది. 1821 తేదీ పోతపోసిన ఇనుప తూము నేటికీ మిల్లు దారి మీదుగా అడ్డంగా నిలిచి ఉంది. దాని కింద నుంచే బండ్లు పోతాయి.

అయితే గనివాళ్ళు ఆ లోతు దగ్గర ఆగలేదు. 1772లోనే, అంటే మిల్లు మొదలైన మరుసటి ఏడాదే, మీర్‌బ్రూక్ సఫ్ తవ్వకం మొదలైంది. ఇది దిగువన, డెర్వెంట్ మట్టానికి చేరువగా మొదలై, క్రామ్‌ఫర్డ్ సఫ్ కన్నా లోతున గనుల కిందికి సాగింది. పని దశాబ్దాల తరబడి నత్తనడకన నడిచింది. 1830ల చివరికి మిల్లు నీటికి ముప్పు ప్రత్యక్షమైంది. ఆర్క్‌రైట్ వారసులు కోర్టుకెక్కారు. 1839 నాటి ‘ఆర్క్‌రైట్ వర్సెస్ గెల్’ తీర్పు మిల్లుకు వ్యతిరేకంగా వచ్చింది. సఫ్ ప్రవాహం ప్రకృతి సిద్ధమైన వాగు కాదు, గనుల సౌకర్యం కోసం మనుషులు సృష్టించినది. గనికి అవసరం మారినప్పుడు అది ఆగవచ్చు, ఎన్నేళ్ళు వాడుకున్నా అది సాగుతూనే ఉండాలని అడిగే హక్కు వాడుకున్నవాడికి పుట్టదు. తీర్పు సారాంశం ఇది. కృత్రిమ జలప్రవాహాలపై ఆంగ్ల న్యాయశాస్త్రంలో నేటికీ చదివే కేసు ఇది. ఆ నీరు క్రమంగా కిందికి మళ్ళింది, మిల్లు వడుకు కుంగిపోయింది. మాంచెస్టర్ ఆవిరి మిల్లుల పోటీయే క్షీణతకు కారణమన్న పాత వివరణను తోసిపుచ్చలేం గానీ, ఈ ఊరి వరకు నీటి కథే ఎక్కువ నమ్మదగినది. మీర్‌బ్రూక్ నీరు ఇప్పుడు తాగునీటి సరఫరాకు పోతోంది.

మిల్లు, పనివాళ్ళు

ఆర్క్‌రైట్ ప్రెస్టన్‌లో పుట్టి, క్షురకుడిగా, విగ్గుల తయారీదారుగా బతికినవాడు. వేరువేరు వేగాలతో తిరిగే జంట రోలర్ల మధ్య దూదిపేటను సాగదీసి కదుళ్ళ మీద పురిపెట్టే యంత్రానికి 1769లో పేటెంటు తీసుకున్నాడు. నాటింగ్‌హామ్‌లో గుర్రాలతో నడిపి చూశాక, జెడిడయా స్ట్రట్, శామ్యూల్ నీడ్ పెట్టుబడితో క్రామ్‌ఫర్డ్ వచ్చాడు. రోలర్ల ఆలోచన ఆయనదేనా అన్నది వివాదం. లూయీ పాల్ 1738 పేటెంటులో అది కనిపిస్తుంది. లీ పట్టణానికి చెందిన థామస్ హైస్, ఆయనకు పనిచేసిన గడియారాల మేస్త్రీ జాన్ కే (ఎగిరే నాడె కనిపెట్టిన జాన్ కే వేరు) 1785 విచారణలో ఆర్క్‌రైట్‌కు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చారు. ఆ ఏడాదే పేటెంటు రద్దయింది. యంత్రం సంగతి ఎలా ఉన్నా, దూది ఏకడం నుంచి నూలు చుట్టడం దాకా పనుల వరుసనంతా ఒకే కప్పు కింద గంట కొట్టి నడిపిన ఏర్పాటు ఆయనదేనని చెప్పడానికి అభ్యంతరం లేదు.

మిల్లు ఏ నెలలో నడవడం మొదలైందో పుస్తకాలు ఒకటి చెప్పవు, కొన్ని 1772 అంటాయి. 1771 డిసెంబరు తేదీతో డెర్బీ మెర్క్యురీ పత్రికలో వచ్చిన ప్రకటన మాత్రం గట్టి ఆధారం. గడియారాల పనివాళ్ళు, కమ్మరులు, నేతగాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కావాలని అందులో అడిగారు. ఊళ్ళోని నార్త్ స్ట్రీట్ ఇళ్ళు ఈ ప్రకటనకు రాతిలో వ్యాఖ్యానం లాంటివి. మూడంతస్తుల ఆ ఇళ్ళ పై అంతస్తులో పొడవాటి కిటికీల వరుస ఉంటుంది. మగవాళ్ళు అక్కడ మగ్గం వేస్తే, ఆడవాళ్ళూ పిల్లలూ కింద మిల్లుకు పోయేవారు. పన్నెండేసి గంటల రెండు షిఫ్టులు. తొలినాళ్ళలో ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా పనిచేసినట్టు తెలుస్తోంది. తర్వాత కనీస వయసు పదేళ్ళకు పెరిగిందని మిల్లు వాళ్ళే చెప్పుకున్నారు.

రోడ్డు వైపు మిల్లు గోడకు కింది అంతస్తుల్లో కిటికీలు లేవు. 1779 అక్టోబరులో చోర్లీ దగ్గర బర్‌కేకర్‌లో ఆర్క్‌రైట్ మిల్లును జనం తగలబెట్టాక క్రామ్‌ఫర్డ్‌లో ఫిరంగులు, తుపాకులు సిద్ధం చేశారు. ఆ భయం మిల్లు ఆవరణ రూపంలోనూ కనిపిస్తుందని పలువురి వాదన. 1776లో మొదలైన రెండో మిల్లు 1890లో కాలిపోయింది. 1783లో (1784 అనేవారూ ఉన్నారు) కొంత ఎగువన కట్టిన మాసన్ మిల్లు నేరుగా డెర్వెంట్ నీటినే వాడింది. ఎర్ర ఇటుకతో, నడుమ కిటికీల అలంకారంతో అది దర్పంగా ఉంటుంది.

వాటర్ ఫ్రేమ్ అని పేరొచ్చిన ఆర్క్‌రైట్ యంత్రం వడికిన నూలు పడుగుకు ఆగేంత గట్టిది. అంతకుముందు ఇంగ్లండులో నార పడుగుకు పత్తి పేక వేసి నేసేవారు. అచ్చు వేసిన పూర్తి నూలు గుడ్డలు మన మచిలీపట్నం తీరం నుంచి కూడా పోతుండేవి. వాటిని అడ్డుకోవడానికి చేసిన 1721 చట్టమే దేశీయ నూలు గుడ్డకూ అడ్డొచ్చింది. ఆర్క్‌రైట్, స్ట్రట్ల విన్నపం మీద 1774లో పార్లమెంటు దాన్ని సడలించింది. బ్రిటన్‌లో నేసినదని తెలియడానికి అంచులో మూడు నీలి దారాలు ఉండాలని షరతు పెట్టింది.

ఆర్క్‌రైట్ 1786లో సర్ అయ్యాడు, మరుసటేడు డెర్బీషైర్ హై షెరీఫ్ అయ్యాడు. నదికి అవతల కట్టిస్తున్న విలర్స్‌లీ కాజిల్ 1791లో కాలింది. దాన్ని బాగుచేసి కాపురం పెట్టేలోపే, 1792 ఆగస్టు 3న ఆయన చనిపోయాడు.

కాలువ, రైలు

విలియం జెస్సప్, బెంజమిన్ అవుట్రామ్ ఇంజనీర్లుగా 1794లో తెరిచిన క్రామ్‌ఫర్డ్ కాలువ దాదాపు 23 కిలోమీటర్లు సాగి ఎరివాష్ కాలువలో కలిసేది. దీనికీ సఫ్ నీరే ఆధారం. మీర్‌బ్రూక్ దెబ్బ తగలడంతో 1849లో లీవుడ్ వద్ద ఆవిరి పంపు పెట్టి డెర్వెంట్ నీరు తోడాల్సి వచ్చింది. కాలువ 1944లో మూతపడింది. పంపు ఇంజను మాత్రం అప్పుడప్పుడు నడుస్తుంది.

క్రామ్‌ఫర్డ్–హై పీక్ రైల్వే 1831 నాటికి కొండలు దాటి వేలీ బ్రిడ్జి దాకా, సుమారు 53 కిలోమీటర్లు పూర్తయింది. కాలువకు మెట్లలా లాకులు కట్టే పద్ధతిలోనే ఆలోచించి, వాలుల మీద బండ్లను స్థిర ఇంజన్లతో లాగేవారు. కాలువ రేవు నుంచి ఎక్కే షీప్ పాశ్చర్ వాలు ఎనిమిదికి ఒకటి. ఆ రైల్వే 1967లో మూతపడ్డాక నడకదారి అయింది. డెర్వెంట్ లోయ రైలు 1849లో వచ్చింది. ఊరి స్టేషన్ ఒయాసిస్ బృందం 1995 పాట ‘సమ్ మైట్ సే’ అట్ట మీద కనిపించడంతో, మిల్లు పేరు తెలియని వాళ్ళూ కొందరు ఆ ప్లాట్‌ఫారం చూడటానికి దిగుతుంటారు.

తర్వాతి కాలం

వడుకు ఆగాక పాత మిల్లు సారా బట్టీగా, చాకలి కర్మాగారంగా మారింది. 1922 నుంచి రంగుల తయారీకి వాడారు. 1929 అగ్నిప్రమాదంలో మొదటి మిల్లు పై రెండంతస్తులు పోయాయి. 1979లో ఆర్క్‌రైట్ సొసైటీ కొనేనాటికి గోడలు, నేల సీసపు రంగుల విషంతో నిండి ఉన్నాయి. శుభ్రం చేయడానికి ఏళ్ళు పట్టింది. మాసన్ మిల్లులో నూలు పని 1991 వరకూ సాగింది. 2001లో డెర్వెంట్ లోయ మిల్లులను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జర్మనీలో రాటింగెన్ పట్టణం వద్ద మరో క్రామ్‌ఫర్డ్ ఉంది. యోహాన్ గాట్‌ఫ్రీడ్ బ్రూగెల్మన్ 1783–84లో ఆర్క్‌రైట్ యంత్రాల నమూనాలు గుట్టుగా సంపాదించి కట్టిన నూలు మిల్లు అది. పేరు మాత్రం దాచకుండా ఈ ఊరిదే పెట్టాడు.