వాహన నెట్‌వర్క్‌లలో రౌటింగ్

రోడ్డు మీద నడుస్తున్న వాహనాలు సెల్ టవర్ సాయం లేకుండా రేడియో ద్వారా తమలో తాము సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటును వానెట్ అంటారు. గమ్యం రేడియో పరిధికి అవతల ఉంటే, నడుమ ఉన్న వాహనాలే సమాచారాన్ని చేతులు మార్చుకుంటూ ముందుకు పంపాలి. ఆ దారిని నిర్ణయించే పద్ధతే రౌటింగ్.

చిక్కంతా దారి ఎంతసేపు నిలుస్తుందన్న దగ్గరే ఉంది. రేడియో పరిధి 300 మీటర్లనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు కార్ల మధ్య సంబంధం 11 సెకన్లకు మించి నిలవదు. అవే ఒకే దిశలో వెళ్తూ, వేగంలో తేడా 10 కిలోమీటర్లే ఉంటే మూడున్నర నిమిషాల దాకా నిలుస్తుంది.

తొలినాళ్లలో వాడి చూసిన ఏఓడీవీ వంటి ప్రొటోకాల్‌లు వాహనాల కోసం పుట్టినవి కావు. చార్లెస్ పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ రూపొందించిన ఏఓడీవీలో, దారి అవసరమైనప్పుడు నెట్‌వర్క్ అంతటా విచారణ పంపి, జవాబు వచ్చిన దారిని గుర్తుపెట్టుకుంటారు. హైవే మీద జవాబు తిరిగొచ్చేలోపే నడుమ ఒక లంకె తెగిపోవచ్చు. అప్పుడు విచారణ మళ్లీ మొదలు.

2000లో బ్రాడ్ కార్ప్, హెచ్.టి. కుంగ్ ప్రతిపాదించిన జీపీఎస్ఆర్ ఈ దారులు దాచుకునే పనే మానేసింది. ప్రతి వాహనానికీ తన స్థానం, పొరుగు వాహనాల స్థానాలు, గమ్యం ఎక్కడుందో తెలిస్తే చాలు. గమ్యానికి అందరికన్నా దగ్గరగా ఉన్న పొరుగుకు ప్యాకెట్ అప్పగిస్తుంది. తనకన్నా దగ్గరివారు లేకపోతే ప్యాకెట్ వాహనాలు లేని ఖాళీ చుట్టూ తిరిగి వెళ్తుంది. ఇది తేలికైన, తెలివైన ఆలోచనే. కానీ గమ్యానికి దగ్గరగా ఉన్న పొరుగు సాధారణంగా మన రేడియో పరిధి అంచున ఉంటుంది. అక్కడ సిగ్నల్ బలహీనం, ముందుగా పరిధి దాటిపోయేదీ ఆ వాహనమే. పైగా దాని స్థానం మనకు తెలిసి ఒక సెకను గడిచిందంటే, 100 కిలోమీటర్ల వేగంలో అది 28 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. ఒక వాహనం నుంచి మరోదానికి ప్యాకెట్ వేసే గెంతును అంగ అందాం. ఒక్కొక్కటి 70 శాతం నమ్మదగిన రెండు పెద్ద అంగల్లో, మళ్లీ పంపడమంటూ లేకపోతే, ప్యాకెట్ చేరే అవకాశం 49 శాతం. 95 శాతం నమ్మదగిన నాలుగు చిన్న అంగల్లో అది 81 శాతం. అందుకే తర్వాతి పద్ధతులు దూరంతో పాటు దిశ, వేగం, లంకె ఆయుష్షు కూడా లెక్కలోకి తీసుకున్నాయి. నగరాల్లో భవనాలు ఈ నెట్‌వర్క్‌లు వాడే 5.9 గిగాహెర్ట్జ్ తరంగాలను అడ్డుకుంటాయి కాబట్టి, వీధుల మ్యాపు చూసుకుని కూడళ్ల దగ్గర మలుపు నిర్ణయించే పద్ధతులూ వచ్చాయి.

ట్రాఫిక్ పలచగా ఉన్నచోట, మరో వాహనం తగిలేదాకా సమాచారాన్ని మోసుకుపోవడమే మార్గం. 2006లో వచ్చిన వాడ్ అనే పద్ధతి ఈ కోవలోదే. పార్కింగ్ వివరాలకు ఆ ఆలస్యం ఫరవాలేదు, బ్రేకు హెచ్చరికకు పనికిరాదు. ట్రాఫిక్ కిక్కిరిసినచోట సమస్య తలకిందులవుతుంది: విన్న ప్రతి వాహనమూ తిరిగి ప్రసారం చేస్తే ఛానెల్ మూగబోతుంది. దీనికి యూరప్ ప్రమాణమైన జియోనెట్‌వర్కింగ్‌లో ఒక చక్కటి ఉపాయం ఉంది. సందేశం విన్నవాళ్లంతా కాసేపు ఆగుతారు. దూరాన ఉన్నవాళ్లకు తక్కువ నిరీక్షణ. ముందుగా ఒకరు పంపగానే అది విన్న తక్కినవాళ్లు మానుకుంటారు. ఎవరికి పంపాలో ముందే ఎంచుకోరు కాబట్టి పాతబడిన స్థానాల బెడద ఉండదు. పొరుగు జాబితాల మీద ఆధారపడే పద్ధతులకన్నా ఇదే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

స్థానం గురించి అబద్ధమాడే వాహనం ప్యాకెట్లన్నిటినీ తనవైపు లాక్కోగలదు. సందేశాలకు డిజిటల్ సంతకం అందుకే తప్పనిసరి. అయితే సంతకం పంపినదెవరో తేలుస్తుందే తప్ప, చెప్పింది నిజమో కాదో తేల్చదు.

అమెరికా 1999లో వాహనాల రేడియో సంభాషణకు 75 మెగాహెర్ట్జ్ కేటాయించింది. ఆ రేడియోల కోసం 802.11పీ ప్రమాణం 2010లో వచ్చింది. 2020లో అమెరికా అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫై వంటి వాడకాలకు మళ్లించి, మిగిలినదాన్ని సెల్యులార్ సాంకేతికత ఆధారిత సీ-వీ2ఎక్స్‌కు ఇచ్చింది. ఇప్పటికి రోడ్డెక్కిన వ్యవస్థలు ప్రధానంగా సెకనుకు పదిసార్ల దాకా తమ స్థానం, వేగం చుట్టుపక్కలవారికి నేరుగా చాటే ఒక్క అంగ ప్రసారాలే. పరిశోధకులు ప్రతిపాదించిన బహుళ అంగల ప్రొటోకాల్‌లలో ఎక్కువ భాగం ఎన్ఎస్-3, సుమో వంటి సిమ్యులేటర్లు దాటి రాలేదు.