తండ్రి గుర్తు చెప్పిన దారి: రోమా ప్రజల వలస



మన సరిహద్దు జిల్లాల్లో ఇంటిపేరుకు ఉన్న విలువ మీకు తెలియనిది కాదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో తరతరాలుగా స్థిరపడిన కుటుంబానికి పాత కాగితం ఒక్కటీ మిగలకపోవచ్చు. వచ్చిన దారి చెప్పగల పెద్దలు ఎప్పుడో గతించి ఉండవచ్చు. అయినా చాలా ఇళ్ళల్లో, ఎన్నడో విడిచి వచ్చిన ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచి ఉంటుంది. తండ్రి నుంచి కొడుకుకు అది అలా నడిచి వస్తుంది.

మగవాడి శరీరంలోనూ అలాంటి ఇంటిపేరు ఒకటుంది. దానిని వై క్రోమోజోము అంటారు. తక్కిన క్రోమోజోములు తల్లివీ తండ్రివీ ప్రతి తరంలోనూ కలగలిసిపోతాయి. వై క్రోమోజోము మాత్రం, కొసల్లోని కొద్ది భాగం తప్ప, దాదాపు ఉన్నదున్నట్టుగా తండ్రి నుంచి కొడుక్కే చేరుతుంది. అందులో సుమారు 6 కోట్ల 20 లక్షల రసాయన అక్షరాలున్నాయి. వాటిని మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చదవగలిగింది 2023లోనే. ఇంత పెద్ద గ్రంథాన్ని తరతరానికీ నకలు తీసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు పడ్డవాడి కొడుకులకూ, మనవలకూ, వాళ్ళ మగ సంతానానికంతటికీ అదే తప్పు సంక్రమిస్తుంది. పాత తాళపత్ర ప్రతుల్లో లేఖకుల పొరపాట్లను పోల్చి, ఏ ప్రతికి ఏది మాతృకో పండితులు తేల్చినట్టే, ఈ తప్పులను పోల్చి శాస్త్రజ్ఞులు పితృవంశాల శాఖలను గుర్తుపడతారు.

ఈ పద్ధతి ఎంతవరకు పనికి వస్తుందో చూడటానికి రోమా ప్రజల కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

యూరపు దేశాల్లో జిప్సీలని పిలవబడినవారే ఈ రోమాలు. ఈజిప్టు నుంచి వచ్చారని పొరబడి పెట్టిన పేరది. 1427లో ఒక గుంపు పారిస్ నగరానికి చేరినప్పుడు జనం వింతగా చూడటానికి వెళ్ళారట. ఎక్కడివారో ఎవరికీ తెలియలేదు. వాళ్ళ దగ్గర రాతపూర్వకమైన చరిత్ర లేదు. 1782లో రూడిగర్ అనే జర్మన్ పండితుడు వాళ్ళ భాషను హిందుస్తానీతో పోల్చి చూసి, ఇది భారతదేశపు భాష అని ప్రకటించాడు.

ఆ భాషలో రెండును దుయి అంటారు. ఒరియా వినే శ్రోతలకు అర్థం చెప్పనక్కరలేదు. నీళ్ళు పాని, చెవి కాన్, ముక్కు నాక్. మహారాష్ట్ర వైపు మనవాళ్ళకు ఇవి రోజూ వినిపించే మాటలే. కాని ఆరు దాటి లెక్కపెడితే ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు మాటలై కూర్చున్నాయి. ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అంటారు. పదికి మళ్ళీ దెష్ అని మన దేశపు మాటే. గుర్రానికి వాడే మాట ఆర్మీనియా భాష నుంచి వచ్చింది. పారశీక పదాలూ ఉన్నాయి. అంటే వాయవ్య భారతం, పారశీకం, ఆర్మీనియా, గ్రీకుల రాజ్యం అనే దారి అంతా పదాల్లోనే దాగి ఉందన్నమాట. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడమో తమిళమో మాట్లాడే మనకు ఇదేమంత వింత? ఎక్కడ ఎంతకాలం మసలితే అక్కడి మాట నాలుకకు అంటుకుంటుంది.

భాషను మార్చుకోవచ్చు, అరువు తెచ్చుకోవచ్చు. మనుషులు నిజంగా ఆ దారిన నడిచారా అన్నది వేరే ప్రశ్న. దానికి వై క్రోమోజోము జవాబు చెప్పింది. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో 14 రోమా సమూహాలకు చెందిన 275 మందిని పరీక్షించారు. ఎం 82 అనే గుర్తు ఉన్న ఆసియా పితృవంశం ఆ 14 సమూహాల్లోనూ కనిపించింది. మగవాళ్ళలో నూటికి 44.8 మందికి అదే గుర్తు. పైగా ఆ శాఖలో వైవిధ్యం చాలా తక్కువ. కాబట్టి బయలుదేరినది పెద్ద సైన్యమో మహా జనసమూహమో కాదు, ఒక చిన్న గుంపు మాత్రమేనని అర్థమయింది. 2004లో వంశపారంపర్య వ్యాధుల గుర్తులను బట్టి లెక్క వేస్తే, ఆ గుంపు ఏర్పడి 32 నుంచి 40 తరాలు అయిందని తేలింది.

ఆ తరువాతి అడుగు మన హైదరాబాదులో పడింది. అక్కడి సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రానికి చెందిన శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు 10,000కు పైగా నమూనాలతో ఎం 82 శాఖను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. రోమాల గుర్తులకు అత్యంత సన్నిహితంగా కనిపించినవి వాయవ్య భారతంలోని షెడ్యూల్డు కులాలు, తెగలవారి గుర్తులు. రోమాలు ఓడిపోయిన రాజపుత్ర వీరుల సంతతి అని అంతకుముందు కొందరు ఎంతో మక్కువతో చెప్పేవారు. ఈ ఫలితం ఆ కథకు బలం ఇవ్వలేదు. పూర్వీకులు రాజులైతేనే గౌరవం అనుకునే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది!

రోమా అన్న పేరు డోమ శబ్దం నుంచి వచ్చిందని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. కోరాపుట్ వైపు శ్రోతలకు అక్కడి డొంబులు గుర్తుకు రావచ్చు. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకటే అనరాదు. ఎం 82 గుర్తు కూడా అంతే. అది మన దేశంలో అనేక కులాల్లో, తెగల్లో ఉంది. దానిని బట్టి మీ కులం చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. పది తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. వై క్రోమోజోము చెప్పేది వాటిలో ఒక్కడి గురించే, తండ్రి తండ్రి తండ్రి అనే ఒక్క గీత గురించే. తక్కిన 1,023 మంది సంగతి దానికి పట్టదు. అమ్మమ్మల ఊసే లేదు. 2001 నాటి పరిశోధనలో తల్లివైపు ఆసియా గుర్తు నూటికి 26.5 మందిలోనే కనిపించింది. దారి పొడవునా వేరే జాతుల స్త్రీలు ఆ కుటుంబాల్లో కోడళ్ళుగా చేరారని దీనినిబట్టి ఊహించవచ్చు. ఎం 82 లేని రోమా మగవాళ్ళు సగానికి పైగా ఉన్నారు. వాళ్ళు రోమాలు కాకుండా పోయారా? వాళ్ళను ఎవరూ అలా అనుకోలేదు.

వంశాల పరిశీలన అంటే రోమా పెద్దలు భయపడటానికి కారణముంది. 1936 తరువాత నాజీ జర్మనీలో రాబర్ట్ రిట్టర్ అనేవాడు జాతి పరిశోధన పేరిట ఊరూరా తిరిగి వాళ్ళ వంశవృక్షాలు రాయించాడు. ఆ పట్టికలే తరువాత మనుషులను పట్టి పంపడానికి ఉపకరించాయి. కనీసం రెండున్నర లక్షల మంది రోమాలు చంపబడ్డారు. ఆష్విట్జ్ శిబిరంలో 1944 ఆగస్టు 2వ తేదీ రాత్రి ఒక్కనాడే 4,000 మందికి పైగా బలి అయ్యారు.

అందుకే 2021లో కొందరు పరిశోధకులు రోమాల మీద వచ్చిన వందలాది పత్రాలను తిరగవేసి చూశారు. నమూనా ఇచ్చినవారి సమ్మతి చాలా చోట్ల సరిగా తీసుకోలేదని, నేరపరిశోధనకు వాడే సమాచార నిధుల్లో వాళ్ళ గుర్తులు జనాభా నిష్పత్తికి మించి చేరాయని వాళ్ళు బయటపెట్టారు. ఒకసారి ఇచ్చిన రక్తాన్ని ఎవరు, ఎంతకాలం, దేనికి వాడాలి అన్న విషయంలో రోమాల ప్రతినిధులకు మాట ఉండాలని వాళ్ళు కోరారు.