కేసుషీటు కథ

కృష్ణనీరు బెజవాడవద్ద పెద్దకాలువలలోనికి మళ్ళి, వానినుండి పిల్లకాలువలకు, అచ్చటినుండి బోదెలకు, తుదకు శివారు చేలకు చేరుట డెల్టావాసులకు తరతరములుగా తెలిసినదే. 1855లో పూర్తియైన ఆనకట్టయు, దానికి మారుగా 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజియు చేసిన పని అదియే. నీరు పల్లమెరుగును. వైద్యము సంగతి అట్లు కాదు. శివారు గ్రామమునందలి రోగి ఎగువనున్న పెద్దాసుపత్రికి పోవలెను, మరల ఊరు చేరవలెను. అతనితోపాటు అతని రోగచరిత్రయు ఎక్కుచు దిగుచు ఉండవలెను. మనిషి వచ్చుచుండెను గాని, చరిత్ర చాలకాలము వెంట రాలేదు.

కేసుషీటు అను మాట నేడు పల్లెలలో సైతము వినవచ్చును. అది మనమెరిగిన రూపమునకు వచ్చి ఎంతోకాలము కాలేదు. అమెరికాలోని మేయో క్లినిక్కులో 1907 వరకు ఏ డాక్టరు పుస్తకము ఆ డాక్టరుదే. ఒకే రోగి ముగ్గురికి చూపించుకొన్నచో అతని రోగము మూడు పుస్తకములలో మూడు ముక్కలుగా ఉండెడిది. హెన్రీ ప్లమ్మర్ అను వైద్యుడు ఒక్కొక్క రోగికి ఒక సంఖ్యయు, ఒకే ఫైలును ఏర్పరచెను. 1968లో లారెన్స్ వీడ్ మరియొక అడుగు వేసెను. రోగి బాధలను వరుసగా పేర్కొని, ప్రతి పరీక్షను, ప్రతి మందును ఆ బాధలకు ముడిపెట్టి వ్రాయవలెనని వాదించెను. యంత్రమునకు ముందు ఈ ఆలోచనలు రావలసియుండెను. ఈ క్రమమును మరచినవారు కంప్యూటర్లు కొని, కాగితపు గందరగోళమునే తెరమీది కెక్కించిరని మా అభిప్రాయము.

మన ప్రాంతమున ఈ కథకు కన్ను కేంద్రమగుటకు కారణములు లేకపోలేదు. నీటికాసులని మనవారు చెప్పుకొను గ్లకోమానే చూడుడు. చాలమందిలో నొప్పి లేకుండ, రోగికి తెలియకుండ, చూపు అంచులనుండి తరిగిపోవును. పోయిన చూపు మరలి రాదు. నేటి కంటిపీడనము ఒక్కటి కొలిచి వైద్యుడు చెప్పగలిగినది కొంచెము. రెండేండ్లక్రింద కంటినరము ఎట్లుండెను, నిరుడెట్లుండెను, నేడెట్లున్నది అను పోలికయే నిర్ణయమునకు ఆధారము. పాత కాగితము పోయినచో ఆ పోలికయు పోయినట్లే. చూరులో చెక్కిన ఆసుపత్రి చీటీ వానకు తడిసి ఎన్ని కండ్లకు చేటు తెచ్చెనో లెక్కించినవారు లేరు.

కృష్ణాజిల్లాలో పుట్టి, గుంటూరులో వైద్యవిద్య నభ్యసించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అమెరికానుండి తిరిగివచ్చి, 1987లో హైదరాబాదున నేత్రవైద్యసంస్థను స్థాపించిరి. అందుకు భూమిని, ధనమును ఇచ్చినవారు ఏలూరు ప్రాంతమున జన్మించిన చలనచిత్ర ప్రముఖులు ఎల్.వి. ప్రసాద్‌గారు, సంస్థకు ఆయన పేరే పెట్టిరి. విజయవాడ ప్రక్కనున్న తాడిగడపలో 2011లో దాని శాఖ వెలసెను. సంస్థ నిర్మాణము మన కాలువలవంటిదే. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టికేంద్రము, 5 లక్షలకు ఒక చిన్న ఆసుపత్రి, 50 లక్షలకు ఒక పెద్దాసుపత్రి, అన్నిటికి ఎగువన హైదరాబాదు.

2010లో ఈ సంస్థ ఐస్మార్ట్ అను కంప్యూటరు రికార్డును వాడుకలోనికి తెచ్చెను. అది బయట కొన్నది కాదు, లోపలనే తయారైనది. డాక్టర్ ఆంథొనీ విపిన్ దాస్ వంటి కంటివైద్యులే ఆ పనికి పూనుకొనుట ఇందు గమనింపదగినది. ఏలయన, కంటివైద్యుని పని మసకచీకటి గదిలో. చేతులు స్లిట్‌ల్యాంపు మీద, కన్ను దాని అద్దములో. టైపు చేయుట కెప్పుడు తీరిక? అంతేకాక, అతడు వ్రాయుటతోపాటు బొమ్మయు గీయును. నల్లగుడ్డు మీది మచ్చను నలుపుతో, వాపును నీలముతో, క్రొత్తగా ప్రాకిన రక్తనాళమును ఎరుపుతో గీయుట ఆ వృత్తిలో ఆచారము. లెక్కల గుమాస్తాకు తగిన పట్టీని అట్టివాని ముందు పెట్టినచో విసుగుకొనుట న్యాయమే.

ఐస్మార్ట్‌లో పరీక్షాఫలితములను ఒకే తీరు శిక్షణ పొందిన సిబ్బంది ఒకే నమూనాలో నింపుదురు, వైద్యుడు పర్యవేక్షించును. ఒకే నమూనా అనుట సులభము. ఒక వైద్యునికి ‘స్వల్పము’గా తోచినది మరియొకనికి ‘మధ్యమము’ కాకుండ చూచుట యంత్రమునకు శక్యము కాదు. మనుష్యులు కూర్చుండి మాట్లాడుకొని ఒక ఒడంబడికకు రావలెను. అసలు శ్రమ అచ్చటనే.

అమెరికా అనుభవము దీనికి భిన్నము. 2009లో చట్టము చేసి, ఆసుపత్రులకును వైద్యులకును ప్రోత్సాహకముగా రెండువేల కోట్ల డాలర్లకు మించి ప్రభుత్వము వెచ్చించెను. కంప్యూటర్లు వచ్చినవి. 2016లో వెలువడిన ఒక పరిశీలనలో, వైద్యుడు రోగితో గడిపిన ప్రతి గంటకు తెరముందును బల్లముందును దాదాపు రెండు గంటలు పోవుచున్నట్లు తేలెను. రోగి ముఖము చూడవలసిన డాక్టరు పెట్టెను చూచుచుండుట ధనముతో తీరు కొరత కాదు.

2018 నాటికి, ఎనిమిదేండ్లలో, ఐస్మార్ట్‌లో 22 లక్షలకు పైగా రోగుల చరిత్రయు, 47 లక్షలకు పైగా పరీక్షల వివరములును చేరినవి. 2020లో దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, ఆ రికార్డు ఆధారముగనే సంస్థవైద్యులు దూరమునుండి వేలకొలది రోగులకు సలహాలిచ్చిరి.

ఐనను ఇది ఒక్క సంస్థలోని సంగతి. గట్టు దాటిన వెంటనే కథ మొదటికి వచ్చును. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రినుండి ఆసుపత్రికి నడచు రోగుల చేతులలో చీటీలును ఎక్స్‌రేలును నిండిన ప్లాస్టిక్ సంచులు నేటికిని కానవచ్చును. 2021 సెప్టెంబరు 27న కేంద్రప్రభుత్వము దేశమంతట ఆరంభించిన పథకము క్రింద, కోరిన ప్రతివానికి 14 అంకెల ఆరోగ్యసంఖ్య లభించును. అతడు ఒప్పుకొన్నగాని ఒకచోటి రికార్డు మరియొకచోటికి పోదు. ఏర్పాటు మంచిదే. కాని శివారు గ్రామపు ముసలమ్మకు ఆ ఒప్పుదల అడుగు సందేశము చేరునది మనుమని ఫోనునకు. ఆ సమయమున మనుమడు చేనిలోనో హైదరాబాదులోనో ఉండును.