గోడకు చెయ్యి ఆనించి చూసిన మేస్త్రి

దగ్గరికి జరిగి కూర్చోరా నాన్నా, కాళ్లకు కాస్త సెగ తగలనీ. మాల్వర్న్‌లో కొన్న ఇంటికి బేస్‌మెంటు బాగుచేయించాలంటున్నావు. "అందరికన్నా ఈ మేస్త్రే తక్కువ చెప్పాడు తాతయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే నా గుండె ఝల్లుమంది. మన బేస్‌మెంటులో, ఈ గదిలోనే జరిగింది, విను.

2004లో, చలి మొదలవుతున్న రోజులు. మన స్కార్‌బరో టొరంటోలో కలిసి ఆరేళ్లయింది. ఒకడు వచ్చి తలుపు తట్టాడు. పక్క వీధిలో పని చేశాం, సామాను మిగిలింది, మీ బేస్‌మెంటు చవగ్గా చేసిపెడతానన్నాడు. నగదు ఇస్తే టాక్స్ ఉండదన్నాడు. నేను కాగితం అడగలేదు. మన ఊళ్లో మేస్త్రిని ఎవరడిగారు కాగితం? తాంబూలంలో పెట్టి అడ్వాన్సు ఇచ్చేవాళ్లం. కానీ ఆ మేస్త్రి ఆ ఊళ్లోనే పుట్టినవాడు, అక్కడే మట్టిలో కలిసేవాడు. గోడ బీటవారితే రచ్చబండ దగ్గర తలెత్తుకోలేడు. ఇక్కడ రచ్చబండ ఏదిరా? అది నాకు తట్టలేదు. సగం సొమ్ము ముందే చేతిలో పెట్టాను.

పగుళ్లు పూడ్చకుండానే డ్రైవాల్ కొట్టి, తెల్లరంగు పూసి పోయాడు. 2005 ఆగస్టు 19న కుంభవృష్టి. అటు ఫించ్ అవెన్యూ రోడ్డే కొట్టుకుపోయింది, ఇటు హైలాండ్ క్రీక్ పొంగింది. కిందికి దిగితే మీ నాయనమ్మ దాచుకున్న పెళ్లి ఫొటోలు నీళ్లలో తేలుతున్నాయి. ఫోను చేస్తే ఆ నంబరే లేదు.

తరువాత గుళ్లో తెలిసినాయన చెప్తే ఒక శ్రీలంక తమిళ మేస్త్రి వచ్చాడు. టేపు తియ్యలేదు. గోడకు అరచెయ్యి ఆనించాడు, వంగి వాసన చూశాడు, బయటికి నడిచాడు. చూరు నీళ్ల గొట్టం సరిగ్గా గోడ మొదట్లోనే నీళ్లు వదులుతోంది, నేలంతా ఇంటివైపే వాలి ఉంది. "ముందు ఇది, లోపల తరువాత" అన్నాడు. ధర నోటితో చెప్పలేదు, మర్నాడు రాసి తెచ్చాడు. మూడు చలికాలాల కింద తను చేసిన ఇంటికి తీసుకెళ్లి, ఆ ఇంటావిడ దగ్గర నన్ను వదిలి తను కారులోనే కూర్చున్నాడు. ఎదురుగా ఉంటే ఆవిడ మొహమాటపడుతుందని!

కింద స్నానాలగది కూడా కడుతున్నాం కనుక సిటీ పర్మిట్ తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు చూసేదాకా ఒక్క డ్రైవాల్ ముక్క బిగించలేదు. ఎంత పని అయితే అంతకే డబ్బు. పైగా నూటికి పది మీ దగ్గరే అట్టిపెట్టండని తనే చెప్పాడు. అది ఇక్కడి చట్టమే. అతని కింద చేసినవాళ్లకు కూలి అందకపోతే వాళ్లు మన ఇంటి మీద హక్కు పెట్టగలరు. అందుకే ఆ పది ఇవ్వడానికి అప్పట్లో 45 రోజులు ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు 60. ఇంకోటి, మన ఇంట్లో కూర్చుని సంతకం పెట్టిన ఒప్పందమైతే పది రోజుల్లో వద్దనుకోవచ్చు. నీ కాగితంలో ఆ సంగతి ఉందేమో చూడు.

2013 జులై 8న మళ్లీ అలాంటి వానే వచ్చింది. బకెట్టు, తుడుపుగుడ్డలు పట్టుకుని మీ నాయనమ్మా నేనూ ఆ మెట్ల మీదే కూర్చున్నాం. తెల్లవారుజామున ఆవిడ దిగి గోడకు చెయ్యి ఆనించింది. "పొడిగానే ఉందండీ" అంది.