కర్రకు అందని చేతులు

1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలో, సురిబాచి కొండ మీద జో రోసెంతాల్ తీసిన ఫొటో చూడనివాళ్లు తక్కువ. ఆరుగురు సైనికులు అమెరికా జెండా నిలబెడుతుంటారు. ఎడమ చివర ఉన్నవాణ్ణి చూడండి. కర్ర పైకి లేచిపోయింది. అతని చేతులు ఇంకా గాలిలోనే చాచి ఉన్నాయి. పేరు అయిరా హేస్, వయసు 22. అరిజోనాలోని పీమా తెగ బిడ్డ.

పీమాలు గిలా నది నీళ్లతో తరతరాలుగా సేద్యం చేసుకున్నవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన తెల్లవాళ్లు ఆ నీళ్లు మళ్లించుకునేసరికి పొలాలు బీడుపడి, పస్తులు మొదలయ్యాయి. ఎగువవాడు నీళ్లు ఆపితే దిగువవాడి గతేమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1942లో, వద్దని తెగ మొత్తుకున్నా వినకుండా, జపాన్ మూలాలున్న అమెరికన్లను బంధించే శిబిరాన్ని ప్రభుత్వం వాళ్ల నేల మీదే కట్టింది. అదే ఏడాది అయిరా మెరైన్లలో చేరాడు.

ఫొటోలోని ముగ్గురు ఆ దీవిలోనే చనిపోయారు. మిగిలినవాళ్లు వీళ్లేనంటూ జాన్ బ్రాడ్లీ, రెనే గాగ్నన్, అయిరాలను యుద్ధ బాండ్లు అమ్మడానికి ఊరూరా తిప్పారు. తన పేరు చెప్పొద్దని గాగ్నన్‌ను అయిరా ముందే బెదిరించాడు. సాగలేదు. ఊరేగింపులు, విందులు, ఎక్కడికెళ్లినా చేతికో గ్లాసు. 1,400 కోట్ల డాలర్లు కావాలనుకుంటే 2,600 కోట్ల పైనే వచ్చాయి. అంత తెచ్చిపెట్టినవాడికి సొంత రాష్ట్రంలో ఓటు లేదు. అరిజోనాలో తెగల నేలల మీద ఉండేవాళ్లకు అది 1948లో గానీ దక్కలేదు. తాగుడు ఎక్కువైందని అయిరాను పర్యటన మధ్యలోనే వెనక్కి పంపేశారు.

అతన్ని తొలిచింది ఇంకొకటుంది. కర్ర మొదట్లో వంగి ఉన్నది హ్యాంక్ హాన్సెన్ అని లోకం నమ్మింది. కాదు, హార్లన్ బ్లాక్ అని అయిరాకు తెలుసు. ఇద్దరూ యుద్ధంలో పోయినవాళ్లే. పై అధికారికి చెబితే, పేర్లు ప్రకటించేశాం, నోరు మెదపకు అన్నాడు. 1946లో అయిరా కొంత నడిచి, కొంత దారినపోయే బళ్లెక్కి, వెయ్యి మైళ్లు దాటి టెక్సాస్‌లో బ్లాక్ తండ్రి పొలానికి చేరాడు. ఫొటోలో ఉన్నది మీ అబ్బాయేనని చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ తల్లి ఫొటో అచ్చయినప్పుడే వీపు చూసి కొడుకుని పోల్చుకుంది. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. 1947లో మెరైన్లు పేరు మార్చారు. యుద్ధం నుంచి వచ్చాక అయిరా గెలిచింది ఇదొక్కటేనేమో.

ఆ తర్వాత పత్తి ఏరే కూలి, చిన్నాచితకా పనులు, తాగుడు, జైలు. యాభైసార్ల దాకా అరెస్టయ్యాడంటారు. తాగుబోతు అనేసి ఊరుకోవడం తేలిక. తోటివాళ్లు పోయి, తాను మిగిలి, ఆ మిగిలినందుకే దండలు వేయించుకోవాల్సి వచ్చినవాడి సంగతి వేరు.

1954 నవంబరు 10న ఆర్లింగ్టన్‌లో ఆ ఫొటోకు కంచు విగ్రహం ఆవిష్కరించారు. అయిరా వెళ్లాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1955 జనవరి 24న, సొంత ఊరి దగ్గర ఓ పాడుబడ్డ మట్టి ఇంటి పక్కన శవమై కనిపించాడు. రాత్రి పేకాట, మందు. చలి, మద్యం కలిసి ప్రాణం తీశాయన్నారు. 32 ఏళ్లు. ఆర్లింగ్టన్‌లోనే సైనిక లాంఛనాలతో పూడ్చారు.

2016లో ఫొటోను మళ్లీ పరీక్షించిన మెరైన్లు, అందులో ఉన్నది బ్రాడ్లీ కాదు, హెరాల్డ్ షుల్జ్ అన్నారు. 2019లో గాగ్నన్ కూడా కాదు, హెరాల్డ్ కెల్లర్ అన్నారు. అంటే 1945లో జనం ముందు నిలబెట్టిన ముగ్గురిలో నిజంగా ఫొటోలో ఉన్నది అయిరా ఒక్కడే. తన పేరు చెప్పొద్దన్నదీ అతనే.